మందు కొట్టని రెండు సాళ్ళు

ఒంగోలు కూరగాయల మార్కెట్లో మా మామగారు పెట్టిన హోల్‌సేల్ కొట్టు మాది. మా వారు పోయాక మా అబ్బాయి శశిభూషణ్ నడుపుతున్నాడు. తెల్లవారుజామున ఐదింటికి రైతులు గోతాలు దించుతారు, ఆరింటికి వేలంపాట ముగుస్తుంది, ఏడింటికి కొట్టు ఖాళీ అవుతుంది. ఇది ఊరందరికీ తెలిసిందే. తెలియనిది ఒకటుంది. మాకు సరుకు తెచ్చే ప్రతి రైతూ కంచె వారన రెండు సాళ్ళకు పురుగుమందు కొట్టకుండా వదిలేవాడు. ఆ సాళ్ళ కాయలు వాళ్ళ ఇంటికీ, మా ఇంటికీ. గోతాలతో పాటు ఒక చిన్న బుట్ట విడిగా వచ్చేది. దానికి ఇంటి బుట్ట అని పేరు. ముప్ఫై ఐదేళ్ళు నేను అందులోంచే వండాను. అది రైతుల అభిమానమని నాకు నేను చెప్పుకున్నాను. కాదని తెలుసుకోగలిగినంత చదువు నాకుంది.

1998 కార్తీకంలో ఒక మంగళవారం ఎనిమిదింటికి, వంకాయలు తెచ్చే అంకయ్య మా గుమ్మం ముందు సైకిలు పడేసి లోపలికి వచ్చాడు.

"అమ్మగారూ, వంకాయ తరిగారా?"

"ఇంకా లేదు. ఏం?"

అతను అరుగు మీద కూలబడ్డాడు. తొమ్మిది కిలోమీటర్లు ఆగకుండా తొక్కాడట.

"బతికించారు. మా ఇంటిది చీకట్లో సాళ్ళు తప్పి కోసింది. మీ బుట్టలో మందు కాయలు పడ్డాయి. నిన్న పొద్దుగూకినాకే కొట్టానండి. పత్తికి తెచ్చింది మిగిలితేనూ."

"డబ్బా మీద ముక్కోణం ఏ రంగు?"

"ఎరుపండి."

ఎరుపంటే విషాల్లో మొదటి తరగతి. ఆ గుర్తు కింద ఉండే చిన్న అక్షరాలు నేను ఒకప్పుడు ఓపిగ్గా చదివాను.

"మరి గోతాల్లోవి?"

అంకయ్య అర్థం కానట్టు నా వైపు చూశాడు.

"అయ్యి మార్కెట్టుయే కదమ్మా."

అతనిలో దాపరికం లేదు. మా ఇంటిల్లిపాదినీ కాపాడుకోవడానికి రొప్పుతూ వచ్చిన మనిషి, మిగిలిన కాయలు తినేదీ మనుషులేనని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. ఆ పాఠం అతనికి మేమే నేర్పాం. ప్రతి పొద్దునా ఆ బుట్ట అందుకుని నేర్పాం.

కొట్టుకు ఫోన్ చేశాను.

"అంకయ్య గోతాలు ఎవరు పాడారు?"

"చీమకుర్తి క్వారీ మెస్సు వాళ్ళు. రెండు గోతాలూ వాళ్ళే ఎత్తారు. ఏమైంది?" అన్నాడు శశి.

చెప్పాను.

"మందు కొట్టని వంకాయ మార్కెట్లో ఎక్కడుందో చూపించమ్మా. కడుక్కుంటారు, ఉడకేస్తారు."

"నువ్వు తింటావా?"

"ఇవాళ వెనక్కి పిలిపిస్తే రేపు మన కొట్టు ముందు రైతూ ఆగడు, కొనేవాడూ ఆగడు. తాతయ్య పెట్టిన కొట్టు నీ చేత్తో మూయించుకుంటావా? ఎవరికీ ఫోన్ చెయ్యకు. ఆ మెస్సులో ఫోను కూడా లేదు."

"అయితే వెళ్తాను."

మా ట్రాలీ ఆటో తోలే రంజాన్ ఆ రెండు గోతాలూ మెస్సులో దించి అప్పుడే తిరిగొచ్చాడు. మళ్ళీ బయల్దేరదీశాను.

"అన్నం గంట పన్నెండుకమ్మా. రెండొందల మంది తింటారు," అన్నాడు.

తొమ్మిదిన్నరకు గ్రానైటు దిమ్మెలు మోస్తున్న లారీ ఒకటి ఇరుసు విరిగి రోడ్డుకు అడ్డంగా నిలిచింది. దాని వెనక లారీలు, లారీల వెనక మేము. రెండు గోతాలు తరగడానికి నలుగురికి గంటన్నర. మగ్గడానికి ముప్పావు గంట. పదింటికి తరగడం అయిపోయి ఉంటుంది. పదింబావుకు నూనె కాగుతుంది. దిగి ముందుకు నడిచాను, ఆ ఇరుసు చూసి వెనక్కి వచ్చాను.

"మీరు చూస్తే కదిలే లారీ అయితే ఈపాటికి గాల్లో ఎగిరేదమ్మా. కూర్చోండి," అన్నాడు రంజాన్.

పదకొండుంబావుకు దారి దొరికింది. మెస్సు రేకుల షెడ్డులోకి అడుగు పెట్టేసరికి పదకొండూ నలభై. రెండు పెద్ద గుండిగలు పొయ్యి దిగి ఉన్నాయి. కమ్మటి వాసన. విషమైతే వాసనలో తెలుస్తుందని నేనెందుకు అనుకున్నానో.

వంటామె పేరు రెబ్కా. గరిటె పట్టుకునే నా మాటలన్నీ వింది.

"ఇంతకీ మీరెవరండీ?"

"ఆ కాయలు అమ్మిన కొట్టు మాదే."

ఆమె వెంటనే వెళ్ళి సూపర్‌వైజర్ జోసఫ్‌ను పిలుచుకొచ్చింది. అతను గుండిగల వైపు, గడియారం వైపు, నా వైపు చూశాడు.

"బీహారు వాళ్ళు, ఒరిస్సా వాళ్ళు మేడం. పొద్దుటి నుంచి రాయి కొట్టి ఆకలి మీద వస్తారు. పారబోశాక కాంట్రాక్టరుకు నేనేం చెప్పాలి? ఎవరో పెద్దావిడొచ్చి వద్దందనా? రాసివ్వండి. కొట్టు పేరు, మీ పేరు, సంతకం. అప్పుడు పారబోయిస్తా."

"అమ్మా, అబ్బాయిగారిని ఒక్క మాట అడిగి..." అన్నాడు రంజాన్.

కాగితం తీసుకున్నాను. కొట్టు పేరు, సరుకు తూకం, మందు కొట్టిన రోజు, డబ్బా మీది రంగు. నాలుగు వాక్యాలు. ఎక్కడా 'పొరపాటున' అని రాయలేదు. సుబ్బలక్ష్మి అని సంతకం చేశాను. జోసఫ్ రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. సాయంత్రానికి అది మార్కెట్లో అందరి చేతుల్లోనూ ఉంటుందని నాకు తెలుసు.

గుండిగలు రెండూ పాత క్వారీ గోతిలో బోర్లించారు. పన్నెండింటికి కూలీలు వచ్చి కారంపొడీ ఉల్లిపాయా నంజుకుని అన్నం తిన్నారు. నాకు రాని భాషలో ఏదో అంటూ నన్ను చూశారు. కోపం వాళ్ళ హక్కు.

"వారానికోసారి ఇద్దరు ముగ్గురికి వాంతులవుతాయండి," అంది రెబ్కా ఎంగిలి పళ్ళేలు ఏరుతూ. "నీళ్ళు పడక అనుకునేవాళ్ళం."

నాకప్పుడు ఆమె చేతిలోని గరిటె గుర్తొచ్చింది.

"నువ్వేమైనా తిన్నావా?"

"ఉప్పు చూశాగా. రెండుసార్లు."

ఆసుపత్రికి పోదాం రమ్మన్నాను. నవ్వింది. వంటామెకు ఉప్పు చూసి ఏమవుతుందంది, పని ఎవరు చేస్తారంది. నేను బల్ల మీదే కూర్చున్నాను. ఆటో గుమ్మం దగ్గరే ఉంచమని రంజాన్‌కు చెప్పాను. ఆమె నుదుటి చెమట పొయ్యి వేడికో, మరి దేనికో ఎంత చూసినా తేల్చుకోలేకపోయాను. ఒంటిగంటకు బయటికొచ్చి నన్ను చూసి, "ఇంకా ఉన్నానండీ," అంది. రెండింటికి మళ్ళీ వచ్చింది. మూడింటికి రాలేదు.

లేచి షెడ్డు వెనక్కి పరుగెత్తాను. రెబ్కా గుండిగలు తోముతోంది.