ఫెలిక్స్ తోలు కోటు

పోలండు కొండల కిందున్న మా నోవి తార్గ్‌లో ఒకప్పుడు గొర్రెతోలు కోటు కుట్టడం రాని ఇల్లు లేదు. ఇప్పుడు ఆ కోట్లు ఎవరికీ అక్కర్లేదు. దూదిలాంటిదేదో కూరిన పలచటి కోట్లు వేసుకుని, చలికి పళ్ళు టకటకలాడిస్తూ తిరుగుతారు. అది వాళ్ళ ఖర్మ. నేనూ మా ఆయన బార్తెక్ మాత్రం ఇంకా తోలునే నమ్ముకుని ఉన్నాం. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో విమానాల్లో తిరిగిన సైనికులు వేసుకున్న కోట్లను చూసి, అచ్చం అలాంటివే కుట్టి ఇస్తాం. లోపల గొర్రె ఉన్ని, బయట గోధుమరంగు తోలు, చెవుల దాకా లేచే కాలరు. ఆర్డరిచ్చే మగమహారాజుల్లో సగం మందికి నిచ్చెన ఎక్కితేనే కళ్ళు తిరుగుతాయి. అయినా కుట్టు ఒక్కటి పక్కకు పోతే చాలు, భూతద్దం పెట్టి కనిపెట్టి, ఫోను చేసి నన్ను తిడతారు. నేనూ తక్కువ తిన్నదాన్ని కాదు, తిరిగి తిడతాను.

లుద్విక్ మా దుకాణానికి వచ్చింది చలికాలం మొదట్లో. అరవైకి దగ్గరపడ్డ మనిషి, పక్క ఊరు జకోపానెకి బస్సు నడిపి రిటైరయ్యాడు. ఊళ్ళో అందరికీ తెలిసినవాడే గానీ ఎవరితోనూ కలిసేవాడు కాదు. జేబులోంచి ఒక ఫొటో తీసి బల్లమీద పెట్టాడు. విమానం రెక్క కింద ఒక కుర్రాడు నవ్వుతూ నిలబడ్డాడు. ఒంటిమీద మేం కుట్టే రకం కోటు.

"మా నాన్న ఫెలిక్స్," అన్నాడు. "ఇంగ్లండులో ఆయనతో కలిసి పనిచేసినాయన కూతురు పంపింది. ఈ కోటు కావాలి రోజాలియా గారూ. ఇలాంటిది కాదు, ఇదే."

బార్తెక్ ఫొటోను వెలుతురుకి పెట్టి చూశాడు. "కుడతాం గానీ, మీ నాన్నగారికి పొట్ట లేదండీ. మరి తమరికి..."

"నాక్కాదు. మా అమ్మకి చూపించాలి."

బార్తెక్ ఫొటో తిరిగి బల్లమీద పెట్టాడు. లుద్విక్ తల్లి అపొలోనియా గురించి ఊళ్ళో పెద్దవాళ్ళందరికీ తెలుసు. మా అమ్మయితే ఆవిడ ఎదురొస్తే వీధి దాటి అవతలికి పోయేది. నన్ను కూడా రెక్క పుచ్చుకుని లాక్కుపోయేది.

కథ పాతదే. ఫెలిక్స్ యుద్ధంలో ఇంగ్లండు వాళ్ళ పక్కన విమానం తోకలో కూర్చుని తుపాకీ పేల్చినవాడు. యుద్ధం అయ్యాక ఇంటికొచ్చి, జర్మనీలో పొలాల్లో వెట్టి చేశానని అందరికీ చెప్పుకున్నాడు. ఆ రోజుల్లో మా కమ్యూనిస్టు సర్కారుకు ఇంగ్లండు నుంచి వచ్చినవాడంటే గూఢచారి కిందే లెక్క. అసలు సంగతి అతని పెళ్ళానికి ఒక్కదానికే తెలుసు. ఒక చలికాలం పోలీసులు వచ్చి అతన్ని పట్టుకుపోయారు. తర్వాత జైల్లో చచ్చిపోయాడని కబురు వచ్చింది, శవం రాలేదు. పెళ్ళాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు, తోళ్ళ ఫ్యాక్టరీలో ఆవిడ ఉద్యోగం కూడా పోలేదు. అంతే, ఊరికి ఇక వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. మొగుణ్ణి పట్టిచ్చిందన్న మాట ఆవిడకు పేరులా అతుక్కుపోయింది.

"ఆవిడకి మతి పోతోందండీ," అన్నాడు లుద్విక్. "నన్ను కూడా ఒక్కోసారి పోస్టుమేన్ అనుకుంటోంది. వసంతం వచ్చేసరికి ఇంకేమీ మిగలదన్నాడు డాక్టరు. నాకు ఒక్కటే తెలియాలి. నాన్నని పట్టిచ్చింది ఆవిడేనా, కాదా? చిన్నప్పణ్ణించీ అడుగుతున్నాను. నాన్న తెచ్చుకున్న కోటు ఏదీ అంటే కాల్చేశానంటుంది. నాన్న సంగతెత్తితే లేచి లోపలికి పోతుంది. ఆ కోటు కళ్ళపడితే ఏదో ఒకటి బయటికి రాదా అని ఆశ."

"వస్తే ఏం చేస్తారు?" అన్నాను. నా నోరు ఊరుకోదు.

"ఆవిడ పోయినప్పుడు మనసారా ఏడవాలో వద్దో తెలుస్తుంది కదండీ."

ఫొటోలో మనిషిని బట్టి కొలతలు రాసుకున్నాను.

ఫొటో నుంచి కోటు దించడం ఆషామాషీ పని కాదు. ఎన్ని తోలు ముక్కలు కలిపారో, ఏ అతుకు ఎక్కడ పడిందో నీడల్ని బట్టి పట్టుకోవాలి. ఎడమ మోచేతి దగ్గర ఒక మాసిక కనబడింది. చక్కగా వేసింది కాదు, తొందరలో మొగవాడెవడో వేసుకున్న మాసిక. దాన్ని కూడా అంత వంకరగానూ కుట్టాను. వంకరగా కుట్టడానికి నా చేతులు ఎంత మొరాయించాయో నాకే తెలుసు. కొత్త తోలు బిర్రుగా ఉంటుంది కాబట్టి, అది ఒంటికి వంగేదాకా మేమే తొడుక్కుని తిరుగుతాం. ఈ పని మా ఆయనది. శీతాకాలమంతా అది వేసుకునే కట్టెలు కొట్టాడు, మంచు ఎత్తిపోశాడు. గురువారం సంతకు కూడా దాంతోనే పోయాడు.

"ఏవిటోయ్ బార్తెక్, బాంబులెయ్యడానికా బయల్దేరావు?" అని జున్ను అమ్మేవాళ్ళు ఏడిపించారట.

"మా ఆవిడ ఇంట్లో ఉండగా నాకు బాంబులెందుకు?" అన్నాడట ఈయన. ఇంటికొచ్చి ఆ మాట నాకు చెప్పి మరీ నవ్వాడు, సిగ్గులేని మనిషి.

ఈస్టరు ముందు కోటు తయారైంది. ఇన్నేళ్ళలో ఇంత బాగా నేను ఏదీ కుట్టలేదు. లుద్విక్ వచ్చి దాన్ని చూసి చాలాసేపు తాకలేదు. తర్వాత, "మీరు కూడా మా ఇంటికి రావాలి," అన్నాడు.

"నేనెందుకండీ మధ్యలో?"

"ఆవిడ ఏమందో విన్నవాళ్ళు ఇంకొకరుండాలి. లేకపోతే రేపు నేను విన్నదాన్ని నేనే నమ్మను. కాదనకండి, దణ్ణం పెడతాను."

నాకు ఇష్టం లేదు. ఆ రోజు కొండల మీంచి, మనుషులకు తిక్కెక్కించే హాల్నీ గాలి దిగింది. అది వీచినప్పుడు మా ఊళ్ళో ఆపరేషన్లు వాయిదా వేస్తారు, మొగుడూ పెళ్ళాలు కొట్టుకుంటారు. ఇవాళ వద్దండీ, గాలి పోనివ్వండి అన్నాను. లుద్విక్ చెవిన వేసుకోలేదు. కాలరు ఎక్కడైనా సరిచెయ్యాల్సి వస్తుందేమోనని పనిముట్ల సంచీ భుజాన వేసుకుని వెంట నడిచాను.

అపొలోనియా వంటింట్లో కిటికీ పక్కన కూర్చుని ఉంది. చిన్న మనిషి, తలకు నల్ల రుమాలు. ముందు పుల్లటి కాబేజీ చారు చల్లారిపోయి ఉంది. నేను దణ్ణం పెడితే, "కూచో అమ్మాయ్, మా అత్తగారు సంతకెళ్ళారు," అంది. అత్తగారు పోయి ఎన్నేళ్ళయిందో! కోటు కుర్చీకి తగిలించి ఊరికే చూపించమని లుద్విక్‌కు దారిపొడుగునా చెప్పాను. ఆ మనిషి నా మాట వినకుండా, నడవలో దాన్ని తానే తొడుక్కుని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. పొట్ట దగ్గర జిప్పు పడలేదు.

ఆవిడ చూసింది. కేక వేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. లేచి, కర్ర కూడా పట్టుకోకుండా వెళ్ళి కిటికీ తెర లాగింది, తలుపు గడియ పెట్టింది. మళ్ళీ వచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

"విప్పు. బుద్ధుందా నీకు, పట్టపగలు వేసుకుని తిరుగుతావా? పోలీసులు మొన్న ఎదురింటికి వచ్చారు. రేపో మాపో మనింటికొస్తారు. విప్పు ఫెలిక్స్!"

లుద్విక్ విప్పి ఇచ్చాడు. ఆవిడ కోటు పట్టుకుని వచ్చి నా పక్కన కూలబడి, తెరిచి ఉన్న నా సంచీలో చెయ్యి పెట్టి కత్తి తీసుకుంది. నేను ఆపబోయాను. కానీ ఆ చెయ్యి చూసి ఆగిపోయాను. కత్తి పట్టుకోగానే అందులో వణుకు పోయింది. కోటును తోలు పైకి వచ్చేలా మోకాలి మీద బిగబట్టి, చంకలో మొదటి కుట్టు తెంపింది.

"చూశారా?" లుద్విక్ అరిచాడు. "ముక్కలు చేసి పొయ్యిలో పెట్టడానికి! ఆనవాలు లేకుండా చెయ్యడానికి! ఆయన్ని అప్పజెప్పి, ఆయన కోటుని కూడా..."

"మీరు కాసేపు నోరు మూసుకోండి," అన్నాను. అంత మాట ఎందుకొచ్చిందో నాకు వెంటనే తెలిసింది. "పొయ్యిలో పెట్టేవాళ్ళు ఇలా కొయ్యరు. కత్తెరతో అడ్డంగా నరికేస్తారు. మీ అమ్మగారు ఒక్కో కుట్టూ విప్పుతున్నారు, చూడండి. కత్తి ఉన్నిని తాకనివ్వడం లేదు. ఇది మళ్ళీ కుట్టేవాళ్ళ చెయ్యి."

నేను చెప్పింది నిజమే. మా ఊళ్ళో పెద్దవాళ్ళ కోటు పాతబడితే పారెయ్యరు, విప్పి పిల్లలకు చిన్నది కుడతారు. నేను కూడా మా నాన్న కోటులో బడికి పోయినదాన్నే. ఆవిడ చేతుల కింద నా శీతాకాలమంతా విడిపోతూ ఉంది. ఇంకొకరైతే చెయ్యి విరిచేసేదాన్ని. అప్పుడు మాత్రం నాకు కోపం రాలేదు, భయం వేసింది. కోటు చేతులు రెండూ ఊడి వచ్చాయి. వీపు ముక్క బల్లమీద పరిచి, అరచేత్తో నిమిరి, బొటనవేలి గోరుతో దానిమీద గీతలు పెట్టింది. గోటితో గీసిన ఆ ఆకారం చిన్నది, చాలా చిన్నది.

"లుద్విష్," అని చిన్నప్పటి ముద్దుపేరుతో పిలిచింది. "ఇలా రారా నాన్నా. కొలత తీసుకోవాలి."

అతను కదల్లేదు. నేను వెనక నుంచి నెట్టాను. ముందుకొచ్చి బల్ల దగ్గర నిలబడ్డాడు. ఆవిడ లేచి, జానతో ఆ బట్టతల మనిషి భుజాలు కొలిచింది. ఒక జాన పడాల్సిన చోట రెండు జానలు దాటినా ఆవిడకు తేడా తెలియలేదు.

"నిటారుగా నిలబడరా, మంచివాడివి కదూ. పైన పూల గుడ్డ వేసి కుడతాను, ఎవరికీ తెలీదు. ఇల్లంతా వెతుక్కోనీ వాళ్ళని. ఎవరన్నా అడిగితే తాతయ్య గొర్రె అని చెప్పు. ఏం చెప్తావు?"

"అమ్మా," అన్నాడు లుద్విక్. "నాన్న సంగతి వాళ్ళకి చెప్పిందెవరు?"

"మెల్లగా మాట్లాడు." ఆవిడ తెర వైపు చూసింది. అతని చొక్కా గుండీ ఊడి ఉంటే పెట్టింది. "ఈసారి చెప్పకేం? పోయినసారి ఆ పొడుగు పోలీసాయన నిన్ను ఒళ్ళో కూచోబెట్టుకుని, మిఠాయి పెట్టి, భలే ఉందిరా నీ కోటు అన్నాడా, నువ్వు మురిసిపోయి పూల గుడ్డ ఎత్తి చూపించేశావు. మా నాన్నది, విమానంలోది అన్నావు. మీ నాన్న ఆ పొయ్యి దగ్గరే నిలబడి ఉన్నాడు. నిన్నొక్క మాట అనలేదు. నవ్వాడు కూడాను, నువ్వు జడుసుకుంటావని."

గాలికి పైకప్పు రేకు ఒకటి కొట్టుకుంటోంది. లుద్విక్ కొంచెం కూడా వంగకుండా, ఆవిడ నిలబెట్టినట్టే నిలబడ్డాడు.

"నాకు గుర్తు లేదు," అన్నాడు.

"లేకపోవడమే మంచిది. నాలుగేళ్ళ పిల్లాడివి, నీకేం తెలుసు? ఊళ్ళోవాళ్ళు నేనే చెప్పానంటున్నారు, అననీ. నాకేం అరిగిపోతుంది? నిన్ను అనకపోతే చాలు." అలా అంటూనే మళ్ళీ కూర్చుని, కోటు చేతి ముక్కను గుడ్డిగా తడిమి మాసిక దగ్గర ఆగింది. "ఈ వంకర మాసిక తీసేస్తాను. ఆయనకి సూది పట్టుకోవడం ఎప్పుడొచ్చింది గనక?"

నా కళ్ళు మసకబారాయి. నా మీద నాకే అసహ్యం వేసింది. ఇంత అచ్చంగా కుట్టకపోతే, ఆ మాసిక నేను దిద్ది ఉంటే, ఆవిడ యాభై నాలుగేళ్ళు పళ్ళ బిగువున దాచుకున్నది దాచుకున్నట్టే ఉండేదేమో. లుద్విక్ నావైపు తిరిగాడు. ఇందాక తల్లిమీద అరిచిన మనిషి కాదు.

"విన్నారు కదా?"

"నాకేమీ వినబడలేదు," అన్నాను. "ఈ గాలి మోతకి పక్కనున్నవాళ్ళ మాట కూడా వినబడదు."

"అబద్ధమాడకండి. మిమ్మల్ని తీసుకొచ్చింది ఇందుకే." "సంతలో చెప్పండి. చర్చిలో చెప్పండి. మీ అమ్మగారి సమాధి దగ్గరికి పోయి చెప్పండి. మా అమ్మ కాదని అందరికీ చెప్పండి. చెప్పింది నేను. నాన్నని పట్టిచ్చింది నే..."

ఆవిడ కత్తి వదిలేసి ఒక్క అంగలో వచ్చి, మునివేళ్ళ మీద లేచి, కొడుకు నోరు అరచేత్తో గట్టిగా మూసేసింది.

"ఇప్పుడే కదరా చెప్పాను," అంది గుసగుసగా, "ఎవరితోనూ అనొద్దని."