మూతల బల్ల

మా వదిన, అంటే మా ఆయన అక్క, మా కింది అంతస్తులోనే ఉంటుంది. వీధి చివర పసిపిల్లల ఆటలబడి నడుపుతుంది. మా రెండేళ్ళదాన్ని వంటింటి కింది సొరుగు ముందు చూసినప్పుడల్లా ఆవిడ మొహం ముడుచుకునేది.

"అంట్ల మధ్య పెంచుతున్నావేంటమ్మాయ్ దాన్ని?"

అవి అంట్లు కావు, కడిగిన మూతలు. మా బుడంకాయకి పిడి ఊడిన పెద్ద మూత బస్సు స్టీరింగు, పాలగిన్నె మూత టోపీ, జల్లెడ కిటికీ. కాసేపటికి అన్నీ మారిపోయేవి. నేనేమీ నేర్పలేదు. కూరలు తరుక్కుంటూ టికెట్టు తీసుకునేదాన్ని, అంతే.

మొన్న బజారు నుంచి వచ్చేసరికి సొరుగు ఖాళీ. బుడంకాయ అందులో తల దూర్చి "బస్సేదీ?" అంటోంది. మా ఆయన సోఫాలో ఉన్నారు.

"అక్క అడిగింది, ఇచ్చాను. బళ్ళో ఏదో కార్యక్రమమట. మూతలే కదా!"

"మీ ఫోన్ అడిగితే ఇచ్చేవారా?"

"ఫోనుకీ మూతకీ పోలికేంటే?"

"ఆ మాట దాని వైపు తిరిగి చెప్పండి."

తిరగలేదు. సాయంత్రం ఓ బొమ్మ బస్సు తెచ్చారు. మీట నొక్కితే అదే నడుస్తుంది, అదే పాడుతుంది. మనం చూస్తూ కూర్చోవాలి. బుడంకాయ చూసింది. తర్వాత బస్సుని పక్కన పడేసి, అది వచ్చిన అట్టపెట్టెలో కూర్చుంది. ఖాళీ చేతులు గాల్లో తిప్పి నా వంక చూసింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడే కార్యక్రమం. దాన్ని చంకనేసుకుని వెళ్ళాను, మూతలు తెచ్చుకోవడానికే. గుమ్మం మీద బ్యానరు: 'ఇంటి వస్తువులతో సృజనాత్మక ఆట'. మా సొరుగుకి ఇంత పేరుందని నాకప్పటిదాకా తెలియదు. లోపల కుర్చీల్లో తల్లిదండ్రులు, వాళ్ళ ఒళ్ళో పిల్లలు. ఎదురుగా రెండు పీటల మీద పరిచిన పొడుగాటి, సన్నటి చెక్కబల్ల మీద నా మూతలు, చిన్నదాన్నుంచి పెద్దదాని దాకా వరసగా.

"బస్సూ!"

బుడంకాయ పరుగెత్తి పెద్ద మూతని రెండు చేతులా లాగింది. రాలేదు. బల్లకి కాలు తన్నిపెట్టి లాగింది. మూత కదల్లేదు, బుడంకాయే వెనక్కి కూలబడింది.

"ఏమైంది వదినా వీటికి?"

"జిగురు పెట్టించాను. లేకపోతే పిల్లలు వరస చెడగొట్టరూ?"

"ఆడుకోవడానికే కదా పెట్టారు?"

"ముందు చూడాలమ్మాయ్. చిన్నా పెద్దా అర్థం కావాలి. ముట్టుకోవడం తర్వాతి తరగతిలో."

"పాలగిన్నె మూత కూడానా?"

"అది లేకపోతే వరసలో ఖాళీ వస్తుంది."

బుడంకాయ రాగం అందుకుంది. ఏడుస్తూనే గుమ్మం దాకా నడిచింది. అక్కడ అందరి చెప్పులూ, బూట్లూ ఉన్నాయి. ఏడుపు ఆగింది. ఎవరిదో పెద్ద బూటులో రెండు కాళ్ళూ దూర్చి, "పడవ" అంది. ఇంకేముంది, ఒళ్ళల్లోంచి పిల్లలు ఒక్కొక్కరే జారారు. ఒకడు చెప్పు చెవికి ఆనించుకుని ఎవరినో గట్టిగా కేకలేస్తున్నాడు. ఒకత్తె బూటుని జోకొట్టి నిద్రపుచ్చుతోంది.

"ఛీ ఛీ, మురికి! ఎవరి పిల్లల్ని వాళ్ళు పట్టుకోండి!"

ఎవరూ పట్టుకోలేదు. అందరూ ఫొటోలు తీసుకుంటున్నారు. బల్ల వైపు చూసేవాళ్ళే లేరు.

నేను చూశాను. బల్లని మూతలతో సహా ఎత్తి చంకలో పెట్టుకున్నాను.

"అమ్మాయ్! ఆ బల్ల నాదీ!"

"నా మూతల్ని వదిలాక పంపిస్తాను వదినా."

వదల్లేదు. వేణ్ణీళ్ళు పోశాం, చాకుతో పెకిలించాం. మా ఆయన కూడా చెయ్యి వేశారు. పాలగిన్నె మీద ఇప్పుడు పళ్ళెం పెడుతున్నాను.

బుడంకాయ మాత్రం బల్లని వంటింటి నేలమీద పెట్టించుకుని, గరిటెతో మూతల్ని బాదడం మొదలెట్టింది. బల్ల నేలకి ఆని ఉందేమో, మోత సూటిగా కిందికి దిగుతోంది. బాదడం నేను నేర్పలేదు. గరిటె మాత్రం నేనే ఇచ్చాను, ఇనపది.

ఫోను మోగింది.

"ఏంటమ్మాయ్ ఆ మోత?"

"తర్వాతి తరగతి వదినా. ముట్టుకునేది."