ముందొచ్చిన నీడ

పొద్దున లేవగానే టైలరమ్మ చేసే మొదటి పని, నడిమి గది కిటికీకి కట్టిన దుప్పటి సరిగ్గా ఉందో లేదో చూడటం. అంచుల్లోంచి వెలుతురు తొంగిచూస్తే అక్కడో పిన్నీసు పెట్టేది. ఆ తర్వాతే ముందుగదిలోకొచ్చి కుట్టుమిషను మీద ముసుగు తీసేది.

నడిమి గదిలో ఉండేది ఆమె భర్త. ఊళ్లో సగం గేట్లు, ముప్పాతిక మెట్ల కమ్మీలు అతని చేతి మీదుగా వచ్చినవే. వెల్డింగు మంట ఏళ్ల తరబడి చూసీ చూసీ, చివరికి పగటి వెలుతురు పడితేనే కళ్లలో సూదులు గుచ్చినట్టయ్యేది. ఎండలోకి వెళ్లొద్దన్నాడు డాక్టరు. వెల్డరు వెళ్లడం మానేశాడు. దాంతోపాటు మాట్లాడటం కూడా చాలామటుకు మానేశాడు.

అతని అక్క ఫోన్ల మీద ఫోన్లు చేసేది. "వాణ్ణి నా దగ్గరికి పంపవే అమ్మాయ్. మా ఇంట్లో ఎండ పొడ కూడా సోకదు. నువ్వు మిషను తొక్కుతావా, వాణ్ణి కనిపెట్టుకుని ఉంటావా?"

ఒకరోజు వెల్డరు ఫోను అందుకుని, "సరే అక్కా" అనేశాడు. వానలు పడేలోపు వచ్చి తీసుకెళ్తానందావిడ. ఆ సాయంత్రం టైలరమ్మ ఒక జాకెట్టుకి చేతులు తిరగేసి కుట్టి, మళ్లీ మొత్తం విప్పుకుంది.

ఆ జాకెట్టు నర్సరీ పిన్నిది. వీధి చివర మొక్కలు అమ్ముతుంది. తీసుకోడానికొచ్చి, వెనక తలుపులోంచి పెరడు చూసింది. ఇనప ముక్కలు, రాళ్లు, మోకాలెత్తు కలుపు.

"ఇంత చోటు ఊరికే పడేశావేంటే? తినే చెట్లతో చిన్న అడవి పెంచు."

"అడవా! నా చేతిలో పుదీనా కూడా బతకదు పిన్నీ."

"కూరమడైతే రోజూ నువ్వే దాన్ని చూసుకోవాలి. అడవైతే నాలుగేళ్లు నువ్వు చూస్తే, తర్వాత అదే నిన్ను చూస్తుంది."

నాలుగేళ్లు అన్న మాటకి టైలరమ్మకి నీరసం వచ్చింది. అయినా ఖాళీగా కూర్చుంటే వదినగారి రాకే గుర్తొస్తోంది. పిన్ని చెప్పినట్టు ముందు ఒక్క మూల మాత్రమే పట్టుకుంది. తవ్వలేదు. కలుపు కోసి అక్కడే పడేసి, కిరాణా కొట్టు నుంచి తెచ్చిన అట్టపెట్టెలు విప్పి పరిచి, తడిపి, పైన ఎండాకులు మందంగా పోసింది. అట్టకి కన్నాలు చేసి మొక్కలు నాటింది. పొడుగ్గా పోయే నేరేడు, దాని పక్కన అంజూరు, జామ, వాటి కిందికి నిమ్మ. నేలకి బలమిస్తుందని చిక్కుడు, నేలని కప్పుతుందని చిలగడదుంప తీగ. కొసరుగా పిన్ని ఇచ్చిన పుదీనా.

మర్నాడు పొద్దెక్కేసరికి నీడొచ్చింది.

మొక్కలేమో జానెడే ఉన్నాయి. నీడ మాత్రం కాపుకొచ్చిన చెట్లది. కొమ్మలు ఊగుతున్నాయి, ఆకుల సందుల్లో గుండ్రటి కాయలు, మధ్యలో తోక ఆడిస్తూ పిట్టొకటి. కింద నేలంతా చల్లబడింది.

"కొన్నిటికి అంతేలే" అంది నర్సరీ పిన్ని. "నీడ ముందొస్తుంది. చెట్టు నింపాదిగా వస్తుంది."

పక్కింటావిడ బట్టలారడం లేదని కాసేపు సణిగి, దండెం ఇంకోవైపు కట్టుకుంది. మధ్యాహ్నానికి కుర్చీ తెచ్చుకుని నేరేడు నీడలో కూర్చుని బియ్యం ఏరుకుంది.

నీడల్ని చూశాక గానీ టైలరమ్మకి తన తప్పు తెలియలేదు. నిమ్మని అంజూరు నీడ పూర్తిగా కప్పేస్తోంది. ఎండ తగలకపోతే నిమ్మ కాస్తుందా? ఎదిగే పిల్లకి గౌను కుడుతున్నప్పుడు లోపల బట్ట మడిచి వదలాలని తెలిసినదాన్ని, ఇక్కడ ఆ బుద్ధి ఏమైంది అని తనని తనే తిట్టుకుని, నిమ్మని తీసి నీడ అంచుకి మార్చింది.

అప్పుడు తట్టిందామెకి. గబగబా లోపలికెళ్లింది.

"ఏమండీ, ఒక్కసారి పెరట్లోకి రండి."

"ఎండ."

"ఎండ కాదు, నీడ. రండి ముందు."

తల మీంచి తువ్వాలు కప్పుకుని, గోడ తడుముకుంటూ వచ్చాడు. నేరేడు కిందికి రాగానే తువ్వాలు తీసి, ఒక కన్ను తెరిచాడు. తర్వాత రెండోది.

"ఎంత పెద్ద చెట్టే ఇది?"

"మీ పిక్క దాకా ఉంటుంది."

వెల్డరు వంగి, మొక్కని వేళ్లతో కొలిచి, పకపకా నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో! టైలరమ్మ దారం కోసమన్నట్టు లోపలికెళ్లి కళ్లు తుడుచుకుంది.

ఆ రోజునుంచి అతని పగళ్లన్నీ పెరట్లోనే. వేసవి ముదిరాక ఒకరోజు, "ఇదుగో, ఇక్కడ కంట్లో గుచ్చుతోంది" అని అరిచాడు. అంజూరు నీడలో పళ్లెమంత చిల్లు పడింది. వెల్డరు కూలబడి మొక్క మొదలు తడిమాడు. టైలరమ్మ ప్రేమకొద్దీ ఎండాకులు కాండం చుట్టూ కుప్పపోసేసింది. లోపల చెమ్మకి బెరడు మెత్తబడిపోతోంది.

"ఊపిరాడకుండా చేశావు దీనికి" అంటూ ఆకుల్ని దూరం జరిపి, మొదలు చుట్టూ బెత్తెడు ఖాళీ వదిలాడు. వారం తిరక్కుండా చిల్లు పూడింది. అక్కణ్ణుంచి అడవి పెత్తనం అతనిదైపోయింది. చిక్కుడు తీగ కోసి నేలమీద పరిచేవాడు, నీళ్లు ఆకుమీద కాదు మొదట్లో పొయ్యమని పెళ్లాన్ని కసిరేవాడు, రెండో మూలలో కూడా అట్టలు పరిచాడు.

అయినా అక్కతో అన్న మాట అలాగే ఉంది. 'ఈయన వెళ్లనంటే బాగుండును' అనుకునేది ఆమె. 'ఇది వెళ్లొద్దంటే బాగుండును' అనుకునేవాడు అతను. ఇద్దరూ చిక్కుడుకాయల గురించి మాట్లాడుకునేవాళ్లు.

మబ్బులు పట్టేవేళకి వదినగారు దిగింది, ఖాళీ సూట్‌కేసుతో. వస్తూనే, "సాయంత్రం బస్సుకి టిక్కెట్లు తీసుకున్నాను, బట్టలు సర్దు" అంది. టైలరమ్మ తల ఊపి, అతని చొక్కాలు ఒక్కొక్కటే ఇస్త్రీ చేయసాగింది. ఇస్త్రీ అయినవే మళ్లీ చేసింది.

పెరట్లోంచి కేక వినిపించింది. "అమ్మాయ్, ఇలా రా!"

చేతిలో చొక్కాతోనే పరిగెత్తింది. నేరేడు నీడలో నిచ్చెన ఉంది. నిచ్చెన మీద మనిషి ఉన్నాడు. మెడ ఒకవైపు వాల్చి, కాయలు కోసి బుట్టలో వేస్తున్నాడు. పక్కనే నిజం వెల్డరు మొక్కకి నీళ్లు పోస్తున్నాడు.

"ఒరేయ్, అది నువ్వేరా" అంది వదినగారు. "చిన్నప్పట్నించీ మెడ అలాగే పెడతావు. కొంచెం బొజ్జ కూడా వచ్చినట్టుంది."

"పడిపోయేలా ఉన్నానా అక్కా?"

"ఎందుకు పడతావు? కింద నిచ్చెన పట్టుకుంది చూడు, మెడలో టేపు వేసుకుని."

టైలరమ్మ అప్పుడు చూసింది. రెండు చేతులతో నిచ్చెన పట్టుకుని, తల పైకెత్తి ఏదో అంటోంది నీడలోని ఆడమనిషి. ఏమంటోందో తనకి తెలుసు. అదే పైకి అనేసింది.

"మీరు వెళ్లొద్దండీ."

"హమ్మయ్య" అన్నాడు వెల్డరు. "అడగవేమోననుకున్నాను."

"అయితే నేనెందుకొచ్చినట్టు!" అని వదినగారు చీరకొంగుతో ముఖం విసురుకుంది. నవ్వుతూనే. "రెండో టిక్కెట్టేం చేయను?"

రెండో సీటులో, వెల్డరు రెండో మూలలోంచి తీసి తట్టలో పెట్టిచ్చిన చిన్న నేరేడు మొక్క కూర్చుంది. ఊరు దాటగానే మబ్బు విడి, పడమటి ఎండ నిలువునా బస్సులోకి కొట్టింది. మరుక్షణం సీట్లన్నిటి మీదా ఆకుల నీడ పరుచుకుని, చల్లగా ఊగడం మొదలుపెట్టింది. ప్రయాణికులు ఒక్కొక్కరే కిటికీ తెరలు పక్కకి జరుపుకుని, బయట పొలాలు చూస్తూ కూర్చున్నారు.