ఏడో నంబరు మిషను ఆగిన చోటు

చిక్కడపల్లిలో పిండి గిర్ని పక్కన శ్రీరామమూర్తిగారి టైపు ఇన్‌స్టిట్యూట్ పొద్దున ఆరింటికే మొదలయ్యేది. తొమ్మిది మిషన్లు, గంటకొక బ్యాచి. అందులో ఏడో నంబరు మిషను నడిచేది. తప్పు లేకుండా వేగంగా కొడితే చాలు, బల్లతో స్టూలుతో సహా వాకిలి దాటి రోడ్డెక్కేది. తప్పు పడిందా, పడ్డచోటే ఆగేది. దిద్దేదాకా పదిమంది తోసినా కదిలేది కాదు.

అందుకే దాన్ని అందరికీ ఇచ్చేవారు కాదు. నవతకు ఇచ్చేవారు. ఒక పేజీ కొడితే నారాయణగూడ, రెండు పేజీలు కొడితే సుల్తాన్ బజార్. రవికె గుడ్డలు కావాలంటే వాళ్లమ్మ ఆశమ్మ, "జర రెండు పేజీలు కొట్టి రా బిడ్డా" అనేది. ఆటోవాళ్లు హారన్ కొట్టి పక్కకు తప్పుకునేవారు.

ఇది తొంభై ఆరు నాటి సంగతి. సర్కారు కొలువు కోసం నవత నాలుగు పరీక్షలు రాసింది. నాలుగూ పోయాయి. ఐదోసారి ఆటల కోటాలో ఒక్క గుమాస్తా పోస్టు పడింది. టైపు పోటీలో రాష్ట్రానికే మొదటి కప్పు ఆమె దగ్గరుంది, కానీ టైపు ఆటేనని ఆటల ఆఫీసు కాగితం ఇవ్వాలి. ఆ కాగితానికి శుక్రవారం ఐదింటితో గడువు సరి. సోమవారానికి వయసు దాటిపోతుంది. పైగా పక్క గల్లీలో కంప్యూటర్లు దిగాయి. ఆ పిల్ల భయపడింది. భయపడదూ మరి!

శ్రీరామమూర్తిగారిది బందరు. వాదం లేనిదే ఆయనకు ముద్ద దిగదు. శుక్రవారం మూడింటికి నవత మిషను మీద, ఆయన సైకిలు మీద నారాయణగూడ ఆటల ఆఫీసుకు చేరారు. అక్కడ పెద్ద ఆఫీసరు కిషన్ రావు.

"ఒలింపిక్స్‌ల ఉన్నదే ఆట సార్. మా రూలు గట్లనే ఉన్నది" అన్నాడు కిషన్ రావు.

"తుపాకీ పేల్చడం ఉందాండీ అందులో?" అడిగారు శ్రీరామమూర్తిగారు.

"ఉన్నది."

"ఒక్క వేలు కదిపితే ఆట, పది వేళ్లూ కదిపితే కాదా?"

"కూసుండి ఆడేది ఆటెట్లయితది?"

"పడవ పందెం కూర్చునే కదండీ, అదీ వెనక్కి తిరిగి! గుర్రం పరిగెడితే మనిషి మెడలో పతకం వేస్తారు. మొన్నటికి మొన్న ఇసకలో ఆడే వాలీబాల్‌ని కూడా చేర్చారు. మా అమ్మాయేం పాపం చేసిందండీ?"

కిషన్ రావు చెడ్డవాడేం కాదు, ఫైలు మనిషి.

"చెమట పట్టాలె సార్. చెమట పట్టనిది ఆట కాదు. కాదని కాయితం ఇస్త, తీస్కపోండ్రి."

ఆఫీసు టైపిస్టు ఆవేళ సెలవు. అందరూ నవత వైపు చూశారు. తనకు కొలువు రాదన్న కాగితం తనే కొట్టాలన్నమాట! నవతకు ఏడుపొచ్చింది. ముక్కు తుడుచుకుని కాగితం ఎక్కించింది.

"చెప్పుండ్రి సార్."

కిషన్ రావు చెప్పసాగాడు. మిషను గది దాటింది, ఆయన వెంట నడిచాడు. గేటు దాటింది, ఆయన అడుగు పెంచాడు. సర్కారు వాక్యానికి ఫుల్‌స్టాప్ ఓ పట్టాన రాదు కదా, జీవోలు, తారీకులు, పాత ఉత్తరాల నంబర్లు! మధ్యలో ఆపడం ఆయనకు ముప్ఫయ్యేళ్ల నుంచీ అలవాటు లేదు. చిక్కడపల్లి వచ్చేసరికి పరుగెత్తుతున్నాడు. శ్రీరామమూర్తిగారు వెనక సైకిలు తొక్కుతున్నారు.

"కావున... పై కారణాలను బట్టి... టైపు... ఆట కాదు..."

అశోక్ నగర్ చౌరస్తా నడిమధ్యన మిషను ఆగిపోయింది.

వెనక బస్సులు ఆగాయి. కండక్టరు తల బయట పెట్టి అడిగాడు.

"ఏందక్కా, తప్పు పడ్డదా?"

"పడలే అన్నా. సార్ చెప్పినట్టే కొట్టిన."

శ్రీరామమూర్తిగారు సైకిలుకు స్టాండు వేసి, కాగితం రెండుసార్లు చదివారు. ఒక్క అక్షరం తప్పు లేదు. కిషన్ రావు కూడా చదివాడు. ఆయనకూ దొరకలేదు. బస్సులు దిగినవాళ్లు పదిమందీ తోశారు, కదల్లేదు.

"సార్, ఆ తప్పేదో జల్ది దిద్దుండ్రి. ట్రాఫిక్ మొత్తం జామైంది" అన్నాడు కానిస్టేబులు.

కిషన్ రావు రోడ్డు మీదే చతికిలబడ్డాడు. ముఖం తుడుచుకుని కర్చీఫ్ పిండితే చెమట ధార కట్టింది. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. తడిసిన కర్చీఫ్ వంక చాలాసేపు చూశాడు. తర్వాత లేచాడు.

"కాదు అన్నది కొట్టేయ్ బిడ్డా" అన్నాడు. "ఆటనే అని కొట్టు."

నవత తప్పు పోకుండా అలాగే దిద్దింది. మిషను కదిలింది.

"సంతకం సార్?"

"ముద్ర ఆఫీసుల ఉన్నది. ఐదైతున్నది, మిషను వెనక్కి మర్లేయ్!"

"గక్కడిదాంక ఏం కొట్టాలె సార్?"

"ఆటల జాబితా కొట్టు. ఉన్నయన్నీ కొట్టు!"

నవత కొట్టింది. కుస్తీ, ఈత, విలువిద్య, గుర్రపు స్వారీ, పడవ పందెం. చిక్కడపల్లి దాటింది. తుపాకీ, కత్తిసాము, ఇసక వాలీబాల్. కిషన్ రావు వెనక రొప్పుతూ పరుగెత్తుతున్నాడు. ఐదుకు నాలుగు నిమిషాలుందనగా ఆఫీసు గుమ్మం దగ్గర జాబితా అయిపోయింది. నవత ఊపిరి బిగబట్టి అన్నిటి కింద టైపు అని కొట్టింది.

మిషను ఆగలేదు. గుమ్మం దాటి, ముద్ర ఉన్న బల్ల దాకా వెళ్లింది.