వెండిరంగు కింద రెండు బాణాలు

నేను ఒక పాత జీపుని. ఆ ఆదివారం పొద్దున కాసులమ్మ నా బానెట్టు మీదే సంచి సర్దింది. రెండు లుంగీలు, ఒక ఉన్ని మఫ్లరు, లైసెన్సు పెట్టిన ప్లాస్టిక్ కవరు, ఆకులో చుట్టిన రాగిరొట్టెలు. సర్దినదంతా బయటికి తీసి మళ్ళీ సర్దింది. మూడోసారి తీయబోతుంటే ఆమె భర్త కిల్లో బొంజుబాబు నవ్వాడు.

"ఒలే, బట్టలరిగిపోతాయే" అన్నాడు.

సంచి సర్దడం తెమలకపోతే ప్రయాణం ఆగుతుందని మనుషులకు ఎక్కడో ఒక నమ్మకం ఉంటుంది. ఇరవై ఏళ్ళకు పైగా ఎందరినో సాగనంపాను కాబట్టి చెబుతున్నాను, అది ఆగదు.

ఆ ప్రయాణానికి కారణం నేనే. నాకు పట్టుకున్న వణుకు.

పుట్టినప్పుడు నాకు వణుకు లేదు. ఎక్కడో మైదానంలోని ఫ్యాక్టరీలో నాలుగు చక్రాలూ లాగేలా నన్ను తయారుచేసి, ఆకుపచ్చ రంగు పూసి పటాలానికి పంపారు. అక్కడ ఎనిమిదేళ్ళు బురదలో ఈదాను. తర్వాత వేలంలో చింతపల్లి దగ్గరి కాఫీతోట మేనేజరు నన్ను కొన్నాడు. నాలుగు చక్రాల గేరు వేస్తే ఏమవుతుందోనని ఆయన ఏడేళ్ళూ ఆ కర్రను ముట్టుకోలేదు. గుర్రాన్ని కొని పక్కన నడిచేవాళ్ళు ఉంటారు. చివరికి బొంజుబాబు చేతికి వచ్చాను. అప్పుడే నేను జీపునని నాకు గుర్తొచ్చింది. పసుపు మూటలు, కోళ్ళగంపలు, నిండు చూలాళ్ళు, సంతనుంచి తూలుతూ వచ్చే ముసలాళ్ళు, అందరినీ కొండ ఎక్కించాను, దించాను. కాసులమ్మ ఎప్పుడూ వెనక బల్లమీదే కూర్చునేది. చెప్పులు విప్పి, పాదాలు నా నేలకు ఆనించేది.

తొంభైనాలుగు దసరాకు నన్ను ముస్తాబు చేశారు. మా దగ్గర ఆయుధపూజకు బండి కడగడంతో సరిపోదు. కొత్త పెళ్ళికూతురిలా కనబడాలి. బొంజుబాబు కిందికి దూరి, ఇంజను బలాన్ని వెనక చక్రాలకు అందించే షాఫ్టును ఊడదీశాడు. అది పొడవాటి ఇనుప గొట్టం. రెండు ముక్కలు ఒకదానిలో ఒకటి పళ్ళతో జారి కూర్చుంటాయి. విడదీసి పళ్ళకు గ్రీజు పట్టించాడు. ఈలోగా కాసులమ్మ, కిటికీ ఊచలకు వేయగా మిగిలిన వెండిరంగు తెచ్చి, రెండు ముక్కలకూ ముద్దుగా పూసింది. ఒక్కో ముక్క మీద చిన్న బాణం చెక్కి ఉంటుంది. బిగించేటప్పుడు ఆ రెండు బాణాలూ ఎదురుబొదురుగా రావాలి. అవి రంగు కిందికి పోయాయి. బొంజుబాబు రెండు ముక్కల్నీ అందాజుగా కలిపి బిగించాడు. బాణాల మధ్య రెండు పళ్ళ తేడా వచ్చింది. పైన పసుపు, కుంకుమ, బంతిపూల దండ.

మర్నాడు నర్సీపట్నం రోడ్డు ఎక్కి వేగం అందుకోగానే నా నడుంలో గుబగుబ మొదలైంది. వణకడం తప్ప నాకు వేరే భాష లేదు. దానినే గట్టిగా మాట్లాడాను.

దిష్టి అన్నారు, నిమ్మకాయలు కట్టారు. దసరాకు కోడిని కొయ్యకపోబట్టే అని ఒక పెద్దాయన తేల్చాడు. కోడి కూర అయింది, ఆయన రెండుసార్లు వడ్డించుకున్నాడు, నేను వణుకుతూనే ఉన్నాను. నర్సీపట్నంలో వీరునాయుడు మేస్త్రి మొదట చక్రాలు సరిచేశాడు. తర్వాత ఇంజను కింద రబ్బర్లు మార్చాడు. ముందు చక్రాలకు వెళ్ళే షాఫ్టు విప్పి, వెనక చక్రాల మీదే నడిపి చూశాడు. వణుకు తగ్గలేదు. వెనక షాఫ్టును చేత్తో ఊపి, దాని రెండు చివర్ల కీళ్ళలో, అంటే క్రాసుల్లో, లూజు లేదని దాన్ని వదిలేశాడు. క్రాసులు నిజంగానే బాగున్నాయి. ఆయన చెయ్యి నా నొప్పిమీదే ఉంది, కళ్ళు ఇంకెక్కడో ఉన్నాయి.

కాసులమ్మ ఒకసారి వెనకనుంచి ఏదో చెప్పబోయింది. పల్లంలో గేరు తీసేసి వదిలినా వణుకుతోందని, అది ఇంజనుది కాదని ఆమె పాదాలకు తెలుసు. మేస్త్రి ఆమెను టీ పట్టుకురమ్మన్నాడు.

నాలుగు నెలలు గడిచాయి. చూలాళ్ళు ఎక్కడం మానేశారు. తర్వాత ముసలాళ్ళు. చివరికి కోళ్ళగంపలవాళ్ళు కూడా, గుడ్లు పగులుతున్నాయని, వేరే జీపు చూసుకున్నారు. వెనక ఇరుసు హౌసింగు మొత్తం మార్చాలి, అది దొరకదు అన్నాడు మేస్త్రి. అప్పుడే బొంజుబాబు, ఎక్కడో ఆనకట్ట పనిలో మట్టిలారీ తోలడానికి ఒప్పుకున్నాడు.

ఆ పొద్దున సంచి భుజానికి తగిలించుకుని ఆయన నా తలుపు మీద చెయ్యి వేశాడు. మాట మాత్రం భార్యతో చెప్పాడు.

"ఇది బాగయ్యిందని కబురెట్టు కాసులూ. ఆ దినమే బండెక్కి వచ్చెత్తాను."

"ఒట్టే?"

"ఒట్టు."

నెల రోజులు నన్నెవరూ కదపలేదు. మార్చి మొదట్లో, నన్ను తూకానికి అమ్మేద్దామని కాసులమ్మ తమ్ముడు మేస్త్రిని వెంటబెట్టుకు వచ్చాడు. మేస్త్రి కింద పడుకుని చూస్తున్నాడు. కాసులమ్మ పక్కన చతికిలబడి, ఊరికే, పాత ముచ్చట చెబుతున్నట్టు దసరాను తలుచుకుంది. ఆ గొట్టం రెండుగా వచ్చిందని, తనే రంగు వేసిందని, ఎంత బాగా మెరిసిందో అని.

మేస్త్రి చేతిలోని స్పానరు ఆగింది.

"రెండుగా తీసినారా? ఎవుడు?"

"మా మావే. గ్రీజెట్టినాడు."

ఆయన రంపం ముక్కతో రంగు గీకాడు. ఒక బాణం బయటపడింది. రెండోది దానికి ఎదురుగా లేదు, పక్కకు జరిగి ఉంది. ఆయన నా కిందనుంచి బయటికి రాలేదు. పడుకునే అన్నాడు.

"ఈ మాట అప్పుడే సెప్పాల కదమ్మా."

"నన్నెవులడిగినారు మేస్త్రీ?" అంది కాసులమ్మ. కోపంగా కాదు. నిజంగానే, ఎవరు అడిగారా అని వెతుక్కుంటున్నట్టు అంది.

పని అరగంటలో అయిపోయింది. విప్పడం, రెండు పళ్ళు తిప్పడం, బిగించడం. తమ్ముడు తోలుతుంటే ఆమె వెనక బల్లమీద కూర్చుని, చెప్పులు విప్పి పాదాలు ఆనించింది. లంబసింగి మలుపులు దాటి తిన్నని రోడ్డు వచ్చింది. వేగం పెరిగింది. వణుకు లేదు. నా బతుకులో అంత మెత్తగా ఎన్నడూ పరుగెత్తలేదు. ఆమె రెండు కాళ్ళూ పైకి లాక్కుని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే పోస్టాఫీసు దగ్గర ఆపమంది. కార్డు తమ్ముడే రాశాడు. జీపు బాగయింది, ఒట్టు గుర్తుందా, అని రెండే ముక్కలు. అది మార్చి తొమ్మిది, గురువారం.

ఆ తర్వాత పదకొండేళ్ళు తమ్ముడు నన్ను నడిపాడు. ఎవరెక్కినా, బండి ఎట్లా ఉందని కాసులమ్మ అడిగేది. చిన్నపిల్లల్ని సైతం అడిగేది. ఇప్పుడు చక్రాలు లేకుండా పనసచెట్టు కింద ఇటుకల మీద ఉన్నాను. నా బల్లమీద మిరపకాయలు ఎండుతున్నాయి.

ఆ కార్డు ఆనకట్టకు మంగళవారం చేరింది. దాన్ని అందుకోవడానికి అక్కడ మనిషి లేడు. అంతకు రెండు రోజుల ముందు, 1995 మార్చి 12, ఆదివారం పొద్దున పది గంటలకు, మట్టిలారీ కట్టమీదనుంచి వెనక్కి దొర్లింది. కిల్లో బొంజుబాబు తిరిగి రాలేదు.