రెండో ఆట అర్జీ

పప్పు ఒక పొంగు వచ్చేలోపు ఒక పేరా, అన్నం వార్చేలోపు ఇంకో పేరా. పదిహేనేళ్లుగా ప్రసూనాంబ అర్జీలు రాసే పద్ధతి అది. భర్త కూర్మనాథం హైస్కూల్లో తెలుగు మాస్టారు. నూతికి గిలక కావాలన్నా, కరణం మీద పితూరీ పెట్టాలన్నా గెడ్డపేట జనం ఆయన అరుగు మీదికే వస్తారు. ఆయన భాష గంభీరంగా ఉంటుంది. చేతిరాత మాత్రం కోడి గెలికినట్టుంటుంది. అందుకని ఆయన చిత్తు రాసి గూట్లో పెడతాడు, ఆమె వంటింట్లో పీట మీద కాగితం పరుచుకుని సాపు రాస్తుంది. అడుగున "దస్తూరి: కూర్మనాథం" అని కూడా తనే రాస్తుంది. రాసినవాళ్ల పేరు అక్కడ ఉండాలని రివాజు కదా, ఆ రివాజు కూడా ఆమే తీర్చేది.

"మాస్టారి దస్తూరంటే ముత్యాల కోవ" అని తాలూకా ఆఫీసులో గుమాస్తాలు మెచ్చుకుంటే, ఆయన ఆ మెప్పు పొల్లు పోకుండా మోసుకొచ్చి ఆమెకు అప్పజెప్పేవాడు. "మనల్ని మెచ్చుకున్నారే ప్రసూనా" అనేవాడు. ఆ "మన"లో ప్రేమే ఉండేది, అబద్ధమాడకూడదు. ఆమె పొంగిపోయి ఆ పూట కందిపచ్చడిలో ఇంకో చెంచా నెయ్యి వేసేది. అయితే "కాదండీ, అది మా ఆవిడ రాత" అని వీధిలో ఒక్కసారన్నా అన్న పాపాన పోలేదు మహానుభావుడు.

అరవై ఎనిమిదిలో ఊరి బయట సరుగుడు తోట పక్కన గణపతిరావు టూరింగు టాకీసు డేరా వేశాడు. లైసెన్సు ఆరు నెలలు. అది అయిపోవస్తుంటే మరో ఆరు నెలలకి దరఖాస్తు పెట్టుకున్నాడు. అభ్యంతరాలుంటే రాసి పంపమని తహసిల్దారు పంచాయతీ ఆఫీసు గోడకి నోటీసు అంటించాడు. ఆ సాయంత్రమే ప్రెసిడెంటు నరసింగరావు నలుగురు పెద్దల్ని వెంటేసుకుని అరుగెక్కాడు. రాత్రి పదింటి రెండో ఆట రద్దు కావాలన్నాడు. మాస్టారు ఒక్క పూటలో చిత్తు సిద్ధం చేశాడు.

మర్నాడు పప్పు పొయ్యి మీద ఉండగా ప్రసూనాంబ దాన్ని సాపు రాయడానికి కూర్చుంది. మైకులో పాటల వల్ల పిల్లల చదువులు పాడవుతున్నాయట. నిజమే. డేరాకి నిప్పంటుకుంటే ఆర్పే దిక్కు లేదట. అదీ నిజమే. తోట మలుపులో చీకటి, తాగుబోతులు. ముమ్మాటికీ నిజం. ఆరో అంశం దగ్గర కలం ఆగిపోయింది. "కావున మా గ్రామమందలి స్త్రీజనమంతయు రెండవ ఆటను రద్దు చేయవలసినదిగా ఏకకంఠముతో కోరుచున్నారు."

"ఎవరినడిగారండీ?" అంది, మంచినీళ్లకి లోపలికొచ్చిన కూర్మనాథంతో.

"దేనికి?"

"ఏకకంఠంతో అన్నారుగా. ఎవరి కంఠం?"

ఆయన నవ్వాడు. ఆమె ముద్దొచ్చినప్పుడు నవ్వే నవ్వే అది. "ఆడవాళ్ల మంచికి రాసేదానికి మళ్లీ ఆడవాళ్లని అడగడమేమిటే పిచ్చిదానా!"

"మరి మేమూ వెళ్తున్నాంగా రెండో ఆటకి?"

"మీ సంగతి వేరు. అమ్మ తోడుంటుంది. అదుగో, పప్పు మాడుతోంది చూడు."

ఆమె పప్పు దింపింది గానీ ఆ మాట దింపలేకపోయింది. మొదటి ఆట ఆరింటికి. ఆ వేళకి ఊళ్లో ఆడదన్నదల్లా పొయ్యి ముందే ఉంటుంది. నెల్లిమర్ల జూటుమిల్లు నుంచి వచ్చిన మగవాళ్లు ఒళ్లు కడుక్కుని తాపీగా ఆ ఆట చూసి వస్తారు, వచ్చేసరికి అన్నం వేడిగా ఉండాలి. అందరికీ వడ్డించి, అంట్లు తోమి, పాలు తోడుపెట్టి, పిల్లల్ని నిద్రపుచ్చాక అప్పుడు ఆడవాళ్లకి తెల్లారినట్టు. వెనక వీధి అసిరమ్మ లాంతరు పట్టుకుని ముందు నడిస్తే తక్కినవాళ్లంతా కబుర్లాడుకుంటూ వెనక. ఇసక నేల మీద కాళ్లు బారజాపుకుని కూర్చుంటే, తెర మీద ఏ బొమ్మ ఆడినా ఒకటే, మూడు గంటలసేపు మంచినీళ్లిమ్మని అడిగేవాడుండడు. అత్తగారు సుభద్రమ్మ పురాణాలు తప్ప చూడనని మొదట్లో ఒట్టు పెట్టుకుంది. ఈ మధ్య ప్రతి బొమ్మలోనూ ఎక్కడో ఒకచోట దేవుడి పటం ఆవిడ కంట పడుతూనే ఉంది, అంచేత అన్నీ పురాణాలే అయిపోయాయి. ఆ మూడు గంటలూ పోతే తనకింక ఏం మిగులుతుందా అని ఆలోచించింది ప్రసూనాంబ. ఏమీ తోచలేదు, ఏడుపొచ్చింది.

అయినా అర్జీ సాపు రాసింది. ఒక్క అక్షరం మార్చలేదు. ఒకరి మాట మార్చి రాయడం ఆమె దృష్టిలో దొంగతనంతో సమానం. ఆయన సంతకం చేసి పట్టుకుపోయాక ఇంకో ఠావు కాగితం తీసింది.

మధ్యాహ్నం అసిరమ్మ తోటకూర కట్టలు తెచ్చి పెరటి గుమ్మంలో కూలబడింది.

"ఏటమ్మా పంతులమ్మగోరూ, రెండో ఆట తీసెత్తారట గదా? మనమే వొద్దన్నామట! నాను సచ్చినా అన్లేదు తల్లీ."

"మరి నీకేం కావాలో చెప్పు. రాస్తాను."

"ఏటి సెప్తాను. ఆట ఉండాల. తోట మలుపుకాడ దీపమెట్టమను. తాగినోల్లని ఆ దారంట రానీకుండా మనిషిని కాపలా ఎట్టమను. ఆడోల్లకి ఏరే గుమ్మం ఉండాల. ఆ మైకు ఆట మొదలెట్టీసరికి కట్టీమను, పసిపిల్లలు నిద్దరోవద్దూ?"

నిప్పు భయానికి నీళ్ల తొట్టి, ఇసక బాల్చీలూ ప్రసూనాంబ చేర్చింది. మూడు రోజుల్లో పెరటి గుమ్మం దగ్గర నలభై ఒక్క వేలిముద్రలు పడ్డాయి. ఆఖర్న, నలభై రెండోదానికి, సుభద్రమ్మ జపమాల పక్కన పెట్టి లేచి వచ్చింది.

"ఒసే ప్రసూనా, ఆ సిరా ఇలా తే. నాకూ బొటనవేలుంది."

"ఇది మీ అబ్బాయి అర్జీకి ఎదురండీ అత్తయ్యగారూ."

"వాడు నన్నడిగాడా?"

అడుగున "దస్తూరి" అని రాసింది ప్రసూనాంబ. పక్కన ఏం రాయాలో చెయ్యి ఆడలేదు. ఆ చోటు అలాగే వదిలేసి, కాగితం మడిచి పోస్టులో వేసింది.

వారం తిరక్కుండా విచారణ పెట్టారు. పంచాయతీ ఆఫీసు వరండాలో పొద్దున్న పదింటికి తహసిల్దారు కుర్చీలో, ఊరి పెద్దలు బెంచీల మీద, ఆడవాళ్లు గోడవార. తహసిల్దారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి కళ్లజోడు సర్దుకున్నాడు.

"ఇదేం చిత్రం మాస్టారూ! రెండో ఆట వద్దని ఒక అర్జీ, కావాలని ఇంకోటి. రెండూ మీ దస్తూరే."

"ఏటి మాస్టారూ," అన్నాడు నరసింగరావు, అందరికీ వినబడేట్టు. "గణపతిరావు మీకూ ఉత్తినే పాసులిచ్చీసినాడేటి?"

బెంచీలన్నీ గొల్లుమన్నాయి. కూర్మనాథం ముఖంలో కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు. రెండో కాగితం అందుకుని చదివాడు. తలెత్తి గోడవార ప్రసూనాంబ కేసి చూశాడు. ఇంటికెళ్లాక ఏమంటాడోననుకుంది.

"అవునండీ," అన్నాడాయన గొంతు సవరించుకుని. "రెండూ నేనే రాశాను. రెండు పక్షాలూ తమ దృష్టికి రావాలని."

ప్రసూనాంబ మనసు నీరైపోయింది. నలుగురిలో పెళ్లాన్ని నిలబెట్టడం ఇష్టం లేక, ఒకే మాట మీద నిలబడతాడన్న పేరు పోగొట్టుకుని అడ్డుపడ్డాడు పిచ్చి మానవుడు. ఆ క్షణాన ఆయన మీద వచ్చినంత ప్రేమ పెళ్లిపీటల మీద కూడా రాలేదు. అంతలోనే ఇంకో సంగతి తట్టింది. ఈ అర్జీ కూడా ఆయనదే అయిపోయింది. నలభై రెండు బొటనవేళ్లు, అసిరమ్మ దీపం, తన మూడు గంటలు, అన్నీ.

లేచి నిలబడింది.

"కాదండీ. రెండూ నేనే రాశాను. పదిహేనేళ్లుగా ఆయన అర్జీలన్నీ నేనే రాస్తున్నాను. ఆ కాగితంలో మాటలు ఆయనవి. ఈ కాగితంలో మాటలు మావి."

తహసిల్దారు ఆమె వైపు తిరిగాడు.

"మంచిదమ్మా. మరి మొదటి ఆటకే వెళ్లొచ్చుగా? అంత పొద్దుపోయి ఎందుకు?"

ఆమె నోరు తెరిచేలోపు అసిరమ్మ అందుకుంది. "మొదటాటకి మేమెల్లిపోతే ఈ బాబులందరికీ కూడు ఎవులు వొండుతారు బాబూ?"

ఆడవాళ్లు పైటకొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నరసింగరావు చెప్పుల వంక చూసుకున్నాడు. సుభద్రమ్మ మాత్రం కొంగు అడ్డం పెట్టుకోకుండానే నవ్వింది.

తహసిల్దారు అర్జీ మళ్లీ చదివాడు. దీపం, కాపలా మనిషి, వేరే గుమ్మం, మైకు, ఇసక బాల్చీలు. "షరతులు సబబుగా ఉన్నాయి. వీటితో రెండో ఆటకి సిఫారసు చేస్తాను," అని కాగితం ఆమె వైపు తిప్పాడు. "కానీ వేలిముద్రల కాగితం మీద రాసినవాళ్ల పేరు లేకపోతే చెల్లదమ్మా. ఇక్కడ దస్తూరి అని ఉంది, పక్కన ఖాళీ."

కలం కోసం ఆమె చుట్టూ చూసింది. కూర్మనాథం తన జేబులోది తీసి, మూత విప్పి ఇచ్చాడు. "రాయి ప్రసూనా," అన్నాడు మెల్లిగా. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. అవి సిగ్గువో మరి దేనివో అప్పుడు అడగలేదామె.

దస్తూరి అన్న మాట పక్కన ఆమె ఇన్నేళ్లూ రాసింది ఒకటే పేరు. అలవాటున చెయ్యి ఆ పేరుకే పోబోయింది. ఆపుకుని "ప్రసూనాంబ" అని రాసింది. అలవాటు లేని పేరు కదా, అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, అచ్చం కోడి గెలికినట్టు వచ్చాయి.

ఆమె దాన్ని మళ్లీ సాపు రాయాలనుకోలేదు.