దవడకు కట్టిన పళ్లు

అత్తగారి కట్టుడు పళ్లు పోయిన రోజున ఇంట్లో అందరికన్నా ఎక్కువ కంగారుపడింది కోడలు. అప్పటికి అత్తగారు ఆసుపత్రి మంచం మీద ఉన్నారు. పొద్దున స్నానాల గదిలో కాలు జారి, గడ్డం తొట్టి అంచుకు కొట్టుకుని, కింది దవడ ఎడమ పక్క విరిగింది.

తల నెరిసిన సర్జను ఎక్స్‌రేను వెలుగుకు పెట్టి చూపించాడు.

"మామూలుగా అయితే మత్తిచ్చి, బయటినుంచి కోసి, లోహపు పట్టీ పెట్టి మరలు బిగిస్తాం. మత్తు డాక్టరు ఒప్పుకోవడం లేదమ్మా. ఆవిడ గుండె అంతసేపు తట్టుకోదంటున్నారు."

"వదిలేస్తే?"

"ప్రాణానికి భయం లేదు. వంకరగా అతుక్కోవచ్చు, అతక్కపోనూ వచ్చు. ఇక పళ్లు పెట్టుకోవడం మాత్రం కుదరదు."

పళ్లు లేకుండా అత్తగారు కన్నకొడుకు ముందు కూడా నోరు విప్పిన మనిషి కాదు. పళ్లు పోతే ఆవిడకు తిండి కన్నా ముందు మాట పోతుంది.

నడవాలోకి వచ్చి భర్తను అడిగింది. "అత్తయ్య పళ్లేవి?"

"విరిగిపోయాయిగా. నేల కడిగేటప్పుడు కాగితంలో చుట్టి చెత్తలో పడేశా. అమ్మ అలా పడుంటే నీకు పళ్ల గోలేంటి?"

ఆమె అతని చేతిలోని కారు తాళాలు తీసుకుంది.

ఆమె చదువుకున్న దేశంలో దంతవైద్యం చదివి, ఆపైన దవడల శస్త్రచికిత్సలో శిక్షణ పొందితే కత్తి పట్టవచ్చు. అలా పుష్కరకాలం విరిగిన ముఖాలు అతికించింది. భర్త ఉద్యోగం మారి అందరూ ఈ దేశం వచ్చాక తెలిసింది, ఇక్కడ దవడ మీద చెయ్యి వేయాలంటే పళ్ల చదువూ, ఒళ్లంతటి వైద్యమూ రెండూ ఉండాలని. ఇంకో దేశంలో ఏదో ఒకటి ఉంటే చాలట. మరో చోట పళ్ల చదువు అక్కర్లేదట. దవడ మాత్రం ఎక్కడైనా ఒకేలా విరుగుతుంది. చేసేది లేక ఆమె మళ్లీ వైద్య కళాశాలలో చేరింది. "దవడల డాక్టరమ్మ పలకా బలపం పట్టుకుని బడికి బయల్దేరింది," అంటూ అత్తగారు రోజూ గుమ్మం దాకా వచ్చి సాగనంపేవారు.

ఇంటి వెనక సందులో పెద్ద చెత్తడబ్బా ఉంది. ఆమె భుజం దాకా చెయ్యి పెట్టి వెతుకుతుంటే పై అంతస్తు పెద్దావిడ కిటికీలోంచి తొంగిచూసింది.

"ఏం పోయిందమ్మా, బంగారమా?"

"మా అత్తగారి పళ్లండీ."

"అత్తగారి పళ్ల కోసం చెత్త కెలికే కోడల్ని ఇన్నేళ్లకి చూశా," అందావిడ. "ఉండు, చేతికి తొడుక్కోడానికి సంచీ పడేస్తాను."

కూరగాయల తొక్కల కింద కాగితం పొట్లం దొరికింది. పైపళ్లు బాగానే ఉన్నాయి. కింది వరస రెండు ముక్కలైంది. ఆమె అక్కడే, ఆ డబ్బాకు ఆనుకుని, కాసేపు ఊపిరి పీల్చుకుంది.

వాటిని కడిగి తెచ్చి సర్జను బల్ల మీద పెట్టింది.

"లోహపు పట్టీలు దొరకని రోజుల్లో మేం కట్టుడు పళ్లనే కట్టుగా వాడేవాళ్లం సార్. కింది వరస అతికించి, దవడ మీద కూర్చోబెట్టి, దవడ చుట్టూ సన్నటి తీగ తిప్పి బిగిస్తాం. నిద్రపుచ్చక్కర్లేదు. ఆ చోటు మొద్దుబారితే చాలు."

"పుస్తకంలో చదివాను. ఎప్పుడూ చెయ్యలేదు."

"నేను చాలా చేశాను. ఇక్కడ చెయ్యకూడదు."

సర్జను ఆ ముక్కలను అటూ ఇటూ తిప్పి చూశాడు. "మీరు చెప్పండి, నేను చేస్తాను. మీ అత్తగారు ఒప్పుకుంటేనే."

అత్తగారు కళ్లు మూసుకునే ఒప్పుకున్నట్టు తలాడించారు.

పళ్లు కట్టే పనివాడు ముక్కలు అతికించి, అతుకు నునుపు చేసి తెచ్చాడు. కోడలు ఆకుపచ్చ గౌను వేసుకుని, చేతులు వెనక్కి కట్టుకుని మంచం పక్కన నిలబడింది. మొద్దుబార్చడానికి తాము ఏ మందు ఎంత ఇచ్చేవాళ్లో చెప్పింది. సర్జను సూది ఎత్తబోయి ఆగాడు.

"ఆవిడ వేసుకునే గుండె మాత్రల మీద ఈ మందు పడకూడదు. బీపీ ఒక్కసారి పైకి లేస్తుంది. వేరే రకం ఇద్దాం."

తన ఆసుపత్రిలో గుండె సంగతి గుండె డాక్టరు చూసుకునేవాడు. తను నోరొక్కటే చూసేది. ఆ మాత్రలు రోజూ అత్తగారికి అందించేది తనే. అయినా ఆ సంగతి తనకు తట్టలేదు.

"నాకు తెలియదు సార్," అంది.

"నాకీ తీగ తెలియదు. కానివ్వండి."

తీగను లోపలికి తెచ్చే బోలు సూది గడ్డం కిందనుంచి నోట్లోకి రావాలి.

"ఎముకను రాసుకుంటూ రండి. ఇంకా దగ్గరగా. అక్కడ నరం ఉంది, కాస్త ముందుకి. అంతే సార్."

వెనక్కి కట్టుకున్న చేతుల్లో ఆమె వేళ్లు వాటంతట అవే తీగను మెలితిప్పుతున్నాయి. ఒక్కో తీగ బిగుస్తుంటే, కుంగిన ఎముక పళ్ల కిందికి వచ్చి సర్దుకుంది. చివరికి పైపళ్లు పెట్టారు.

"మెల్లగా నోరు ముయ్యండి అత్తయ్యా."

పై వరసా కింది వరసా చిన్న చప్పుడుతో కలిశాయి. ఎక్కడా సందు లేదు. సర్జను అద్దాలు తీసి నుదురు తుడుచుకున్నాడు.

అత్తగారు మొద్దుబారిన పెదవిని కష్టంగా కదిపారు. "మీ ఇద్దరికీ కలిపి మూడు పట్టాలు. నాకేమో ఉన్నది ఒక్క దవడ."

సర్జను నవ్వితే మూతికి కట్టుకున్న గుడ్డ ఉబ్బింది. బయటనుంచి కొడుకు తలుపు తోసుకుని వచ్చాడు.

"నొప్పిగా ఉందా అమ్మా?"

"పళ్లు చెత్తలో పడేసిన వాడితో నాకు మాటల్లేవు," అన్నారావిడ, మూడు మాటలకో ఊపిరి తీసుకుంటూ. "కోడల్ని పిలు. దాహంగా ఉంది."

కోడలు చెంచాతో నీళ్లు పట్టింది. అత్తగారు ఆ చేతిని గట్టిగా పట్టుకుని నీళ్లు తాగారు. ఒక్క చుక్క కూడా పక్కకు కారలేదు.

ఎముక అతికాక ఆ తీగలు విప్పాలి. అది ఇంకా మిగిలే ఉంది.